తుపాకి వెంట వచ్చిన కెమెరా

నెక్కొండ అడవిలో 1902వ సంవత్సరమున తీసిన ఛాయాచిత్ర మొకటి కలదు. నాటి రాజప్రతినిధియైన కర్జను ప్రభువును, ఆయన భార్యయు వేటలో కూలిన పులితో కూడ కెమెరా కెదురుగా నిలిచియుండుట అందు కనబడును. దానిని తీసినవాడు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్. పలు గ్రంథములందు అచ్చుపడిన ఈ చిత్రమును చూచువారు ప్రభువు ఠీవిని, దొరసాని దుస్తులను, పులి గాత్రమును పరికింతురే కాని, ఆ పులి ఏ యేటి నీరు త్రాగి పెరిగినదో తలపోయువారు అరుదు. పాకాల చెఱువునకును, మున్నేటికిని చేరువనున్న వాగుల నీరు త్రాగి పెరిగిన పులి యది. మన ప్రాంతపు అడవిని, ఏటిని కెమెరా కంటితో చూచుట యను నలవాటునకు మూలము వెదకుచు వెనుకకు పోయినచో, మనకు దొరకు తొలి యానవాళ్లలో ఆ చచ్చిన పులి యొకటి.

ఈ మాట వినుట కింపుగ నుండదు. నేడు ఆదివారమునాడు తెల్లవారకమునుపే జనగామనుండి, మానుకోటనుండి, భూపాలపల్లినుండి ఇద్దరు ముగ్గురు చొప్పున మోటారు సైకిళ్ల మీద బయలుదేరి, పొడవైన కటకములు తగిలించిన కెమెరాలు భుజాన వ్రేలాడగా ఆకేటి యొడ్డునకో, బయ్యారపు చెఱువు కట్టమీదికో, కాళేశ్వరపు టిసుక తిన్నెలమీదికో చేరి, లకుముకి పిట్ట నీట మునుగు నొక్క క్షణము కొఱకు గంటల తరబడి మోకాళ్లమీద కూర్చుండు యువకులకు తుపాకితో పని యేమి? వారిలో పెక్కుమంది తుపాకిని చేతితో తాకియైన ఎఱుగరు. ఐనను వారి చేతిలోని సాధనము ఈ నేలకు వేట వెంటనే వచ్చినది; దానినుండి విడివడుటకు నూఱేండ్లకు దగ్గఱగ పట్టినది. ఆ నూఱేండ్ల కథ చెప్పదగినది.

మొదట రైలుమాట చెప్పవలెను. సికింద్రాబాదునకు 1874లో రైలు వచ్చెను. అచ్చటినుండి తూర్పునకు సాగిన యినుపదారి 1886 నాటికి వరంగల్లును, డోర్నకల్లు మీదుగా 1889 నాటికి బెజవాడను చేరెను. జనగామయు, నెక్కొండయు, మానుకోటయు ఈ దారిమీది ఊళ్లే. మానుకోటకు నిజాము పేరిట మహబూబాబాదను పేరు వచ్చెను; ఐనను నేటికిని పల్లెజనుల నోట మానుకోట యను మాటయే నిలిచినది. ఆనాటి కెమెరా చేతిలో నిముడు వస్తువు కాదు. బరువైన కొయ్యపెట్టె, మూడుకాళ్ల దిమ్మె, నల్లగుడ్డ, పగులకుండ పేర్చిన గాజుపలకల పెట్టెలు, వానిని మోయుటకు మనుష్యులు: ఇంత పరివారముతో కదలవలసిన సాధనమది. ఎడ్లబండి కుదుపులకు గాజుపలక లోర్చుట కష్టము. ఇనుపదారి పడినపిమ్మటనే అట్టి సరంజామా నగరమునుండి నేరుగా అడవి యంచునకు చేరుట సులభమయ్యెను. వేటకు వచ్చు ప్రభువును, వాని వెంట వచ్చు ఛాయాగ్రాహకుడును ఒకే స్టేషనులో దిగిరి.

ఆ ఛాయాగ్రాహకుడు సామాన్యుడు కాడు. మీరటునకు చేరువనున్న సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్ సంస్థానమున ఉద్యోగము చేయుచు సరదాగా కెమెరా పట్టిన దీన్‌దయాళ్, పిదప సికింద్రాబాదున స్టూడియో తెఱచి, నిజాముచేత ‘ముసవ్విర్ జంగ్’ అను బిరుదు నందెను. రాజమందిరములను, విందులను, సైన్య విన్యాసములను, కరవు కాలపు ప్రజలను, హనుమకొండ వేయిస్తంభముల గుడిని తన గాజుపలకలపై నిలిపి 1905లో మరణించినాడు. ఆయన పనితనమునకు నేను తలవంతును. రాతిచెక్కడముపై వెలుగు ఏ ఘడియలో వాలునో ఆయన కెఱుకయైనట్లు ఆ కాలమున మఱి యెవరికి నెఱుక కాలేదని నా నమ్మకము. అట్టివాడు మన యడవిలో చూచినది చచ్చిన పులిని మాత్రమేనా యని మనస్సు కలుక్కుమనును.

దీనికి సాధనపు లోపము కొంత కారణము. నాటి గాజుపలకకు వెలుగును గ్రహించు శక్తి స్వల్పము. దూరముననున్న దానిని దగ్గఱకు తెచ్చు కటకములు మన దిక్కున లేవు. ఎగురు కొంగను పట్టబోయినచో పలకపై తెల్లని మఱక మిగులును. చెట్లనీడన నడచు జింకను పట్టబోయినచో అదియు మిగులదు. కదలనిదే కెమెరాకు దక్కెడి కాలమది. అడవిలో కదలని మృగము చచ్చిన మృగమే. కాని నేరమంతయు సాధనముపైకి నెట్టుట న్యాయము కాదు. అట్టి గాజుపలకలతోనే ఇంగ్లండులో కీర్టన్ సోదరులు 1892లో ఒక పిట్టగూటిని గ్రుడ్లతోసహ చిత్రించిరి. 1895లో పక్షిగూళ్లను గుఱించి ఆద్యంతము ఛాయాచిత్రములతో నిండిన గ్రంథమును వెలువరించిరి. పిట్టగూడు కదలదు. పాకాల కట్టమీద పిట్టగూళ్లకు కొదువయు లేదు. లేనిది దానిని చిత్రించుమని అడుగువాడు. రాజు వేటకు వెలకట్టెను, కనుక చిత్రకారుడు వేటను చిత్రించెను.

ఆ వేటకు మాఱుగా కెమెరానే పట్టిన తొలివారిలో ఛాంపియన్ అను అటవీ అధికారి యొకడు. ఉత్తర హిందూస్థానపు అడవులలో పులి నడచు బాటకడ్డముగా సన్నని తీగ కట్టి, పులి కాలు తగులగానే మెఱుపుదీపము వెలిగి తన చిత్రమును తానే తీసికొనునట్లు ఏర్పాటు చేసి, ఆ చిత్రములతో 1927లో గ్రంథమును ప్రకటించెను. పులిని చంపకయే యింటికి తెచ్చుకొనవచ్చునని దేశమునకు చూపినది ఆ గ్రంథము. మన సంస్థానమునకు ఆ గాలి వెంటనే సోకలేదు. 1931–32లో సలీం అలీ నిజాము రాజ్యమంతట తిరిగి పక్షులను పరిశీలించి, ఆ ఫలితములను 1933–34లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. మన పక్షులకు శాస్త్రీయమైన లెక్క వ్రాసిన ఆ మహనీయుని చేతను తుపాకియే యుండెను. పక్షిని కొట్టి, చర్మము నొలిచి, చీటి కట్టి భద్రపఱచినగాని నాటి శాస్త్రము దాని ఉనికిని నమ్మలేదు. ఆ చీటిలో పక్షి దొరకిన చోటును, తేదియు ఉండెడివి. ఆ చీటిమాట పాఠకుడు గుర్తుంచుకొన వేడెదను. దానితో నాకు పిమ్మట పని కలదు.

ఇంతవఱకు చెప్పినది అడవి కథ. గోదావరి కథ వేఱు.

భూపాలపల్లి జిల్లా ఉత్తరపు సరిహద్దున, కాళేశ్వరముకడ, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. వైనగంగ, వార్ధా నదుల నీటిని మోసికొని వచ్చు ఆ ప్రాణహిత గోదావరికంటె నిండుగ నుండుట చూచినవారు ఏది ఉపనదియో ఏది నదియో చెప్పలేక తికమకపడుదురు. అంతర్వాహినియగు సరస్వతియు నిట కలదని త్రివేణీ సంగమమను వాడుక. ఒకే పానవట్టముపై రెండు లింగములున్న ముక్తీశ్వరుని గుడికి వచ్చు యాత్రికులకు ఏటి యొడ్డు పుణ్యస్థలము. కాని 19వ శతాబ్ది మధ్యమున ఈ యేటిని చూచిన తెల్లదొరలకు అది రవాణా బాట. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన కాటను దొర తలపెట్టి, హెయిగ్ అను ఇంజనీరు పూనికతో నడిపిన పథకము చొప్పున, సముద్రమునుండి మధ్యపరగణాల వఱకు గోదావరిపై పడవలు నడపవలెనని దుమ్ముగూడెముకడ మొదటి రాతి అడ్డంకిని, మహాదేవపురపు దిక్కుననున్న ఇచ్చంపల్లికడ రెండవదానిని దాటుటకు పనులు సాగి, వ్యయము మితిమీరగా 1871లో ఆగిపోయెను. ఏ రాళ్లు పడవల కడ్డమని ఆ దొరలు విసిగిరో, అట్టి రాళ్లమీదనే నేడు నీటికాకులు రెక్కలార్చుకొని ఆరబెట్టుకొనుచున్నవి. వానికొఱకే ఛాయాగ్రాహకులు ప్రొద్దుపొడుపునకు ముందే నీటి యంచున కాచుకొని కూర్చుందురు.

నిజాముల కాలము ముగిసిన కొలదికాలమునకే, 1950ల తొలినాళ్లలో, పాకాలయు, ఏటూరునాగారమును అభయారణ్యములుగ ప్రకటింపబడినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఏ యడవిలో వేటకు రాజప్రతినిధులు వచ్చిరో ఆ యడవిలో వేట నేరమయ్యెను. కాగితముపై ఇది సుదినమే. కాని తుపాకి దించిన చేతికి కెమెరా వెంటనే దొరకలేదు. ఊళ్లలోని ఫొటో స్టూడియోలవారు పెండ్లిండ్లకు, గుర్తింపు చీట్లకు పనిచేసి బ్రతికిరి. ముప్పదియాఱు చిత్రములకు మించి రాని రీలును కొంగలకొఱకు వ్యయపెట్టుట సంసారికి సాధ్యము కాదు. పొడవు కటకము వెల మధ్యతరగతి గృహస్థుని అందుబాటులో నుండెడిది కాదు. దానికితోడు 1980లనుండి గోదావరి తీరపు అడవులలో నక్సలైట్లకును పోలీసులకును నడుమ సాగిన పోరులో, మహాదేవపురము, పలిమెల దిక్కున క్రొత్తవాడు కెమెరా పట్టుకొని తిరిగినచో ఉభయులకును అనుమానమే. ఆ యేండ్లలో ఆ తీరపు ఏటికి, ఇసుకకు, పక్షికి చిత్రములు మిక్కిలి అరుదు. రెండు తరముల గోదావరి, చూచినవారి జ్ఞాపకములలో తప్ప మఱెక్కడను లేక, వారితోనే వెడలిపోవుచున్నది. ఇది నాకు తీరని విచారము.

హైదరాబాదున 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘము స్థాపితమయ్యెను. నెలనెల ఒక చెఱువునకో అడవికో కూడి పోవుట, చూచిన పక్షుల పట్టీ వ్రాయుట, దానిని అచ్చువేయుట యను క్రమశిక్షణ తెలుగునాట దానివలన బలపడెను. పిదప రీలు పోయి అంకాత్మక కెమెరా వచ్చినపుడు, వేయి చిత్రములు చెడగొట్టినను చిల్లిగవ్వ నష్టము లేని కాలము రాగా, బడిపంతుళ్లు, సింగరేణి గనుల ఉద్యోగులు, స్టూడియో యజమానుల కొడుకులు ఏటి దారి పట్టిరి. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలుగ నేర్పడినపుడు, తమ జిల్లాకు తానైన రూపమున్నదని చూపవలెనను ముచ్చటయు కొందఱి కాళ్లకు వేగము నిచ్చినది. గూడూరు అడవిలోని భీమునిపాదము జలపాతమునకు నేడింత పేరు వచ్చుటకు వీరి చిత్రములు కొంత కారణము.

జనగామ ముచ్చట వేఱుగ చెప్పవలెను. పెద్ద యేఱు లేని మెట్టసీమ యది. కరవును తరతరములుగ నెఱిగిన నేల. ఏటూరునాగారపు గంగారముకడ గోదావరినుండి ఎత్తిపోసిన దేవాదుల నీరు ధర్మసాగరము మీదుగా స్టేషన్ ఘనపురపు జలాశయమునకు, అచ్చటినుండి జనగామ చెఱువులకు చేరసాగిన తరువాత, మత్తడి దుంకెడి చెఱువులు మునుపటికంటె ఎక్కువయ్యెను. నీరు పోయినచోటికి పక్షి పోవును, పక్షి పోయినచోటికి కెమెరా పోవును. ఏఱులేని జనగామవారు తమ చెఱువుగట్టునుండి కదలకయే గోదావరి నీటిమీది కొంగలను తీయగలుగుట ఈ మూడు జిల్లాల చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము.

ఒక మాఘమాసపు ఉదయమున నేను కాళేశ్వరము దిగువ ఇసుకతిన్నెమీద నడచుచుంటిని. కావ్యములలో రేయి ఎడబాటునకు విలపించు చక్రవాక మిథునము నిజముగ నెట్లుండునో చూడవలెనని నా చిరకాలపు కోరిక. నారింజవన్నె రెక్కల జంట యొకటి దూరమున నీటి యంచున నిలిచియుండెను. శీతకాలమున హిమాలయములకు ఆవలినుండి వచ్చు అతిథులవి. దగ్గఱకు పోవుటకు త్వరపడుచుండగా, పుట్టి నడపు బెస్త యొకడు వెనుకనుండి కేకవేసెను: “సారూ, గట్ల అడ్డంబడి పోకుండ్రి, ఇసుకల గుడ్లుంటయ్!” నేను నిలిచిపోతిని. నా పాదమునకు జానెడు దూరమున, ఇసుక వన్నెలోనే కలిసిపోయి, నదీతీరపు పిట్ట యొకదాని మచ్చల గ్రుడ్లు మూడు ఉండెను. గూడు లేదు, పుల్ల లేదు. ఇసుకలో చిన్న గుంట మాత్రమే. ఆ బెస్త ఏ గ్రంథమును చదివినవాడు కాడు. కాని ఏ నెలలో ఏ తిన్నెమీద కాలు పెట్టరాదో ఆతడెఱుగును. ఆనాటినుండి నేను ఏటికి పోయిన ప్రతిసారియు మొదట గంగపుత్రులను అడిగి, పిమ్మటనే ఇసుకపై అడుగు వేయుచున్నాను. ఛాయాగ్రాహకుడు గూటికడకు పోగానే తల్లిపిట్ట లేచిపోవును, ఎండ తగిలి గ్రుడ్లు ఉడికిపోవును, కాకి చూచును. తుపాకి లేకయు చంపవచ్చును. ఈ విషయమును మన కుఱ్ఱవారిలో చాలమంది గ్రహించి దూరమునుండియే చిత్రములు తీయుచున్నారు. గ్రహింపనివారును ఉన్నారు, వారికి చెప్పవలసినది తోడివారే.

ఆనాడు నేను నడచిన తిన్నె తరువాత కొన్నాళ్లు నీటిలో మునిగెను. కాళేశ్వరమునకు దిగువనున్న మేడిగడ్డకడ ఎనుబదియైదు తలుపుల బ్యారేజి 2019 జూన్ 21న ప్రారంభము కాగా, ఇసుకయేఱు నిండుజలాశయమయ్యెను. నీటిపక్షులు మాఱెను, తీరపు పల్లెల వేకువలు మాఱెను. 2023 అక్టోబరు 21న ఆ బ్యారేజి స్తంభములు క్రుంగగా నీరు వదలివేయబడి, ఇసుక మరల బయటపడెను. ఐదేండ్లు నిండకమునుపే ఒక యేఱు మూడు రూపములు దాల్చుట ఏ తరమునకు చూడ దొరకును? అదే సంవత్సరము జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెను. మఱుసటి యేడు సెప్టెంబరు 1న, దీన్‌దయాళ్ పెట్టెలు మోసిన ఆ యినుపదారియే కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ క్రింది కంకర కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడునట్లయ్యెను. వీని చిత్రములు లోకమంతట తిరిగినవి. తీసినవా డెవడో, ఏ గంటకు తీసెనో, ఏ యొడ్డున నిలిచి తీసెనో చెప్పునవి వానిలో కొన్నియే.

ఇక్కడ నాకు సలీం అలీ పక్షుల కాళ్లకు కట్టిన చీటి గుర్తుకు వచ్చును. తొంబదియేండ్లు గడచినను ఆ పక్షి ఎచ్చట, ఏనాడు ఉండెనో చీటి చెప్పుచున్నది. బయ్యారపు చెఱువుకట్టమీది శాసనము, కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన ధర్మకీర్తిసముద్రమును గుఱించి, ఏడు వందల యేండ్లు దాటినను, ఆమె వంశమును, ఆమె చేసిన పనిని పేరుపేరున చెప్పుచున్నది. అదే మన రేగొండ ప్రాంతపు పాండవుల గుట్టలను చూడుడు: 1990లో పురావస్తుశాఖవారి దృష్టికి వచ్చిన ఆ గుహల గోడలపై అడవిదున్నయు, జింకయు, పులియు, చిఱుతయు ఎఱ్ఱని, పచ్చని, తెల్లని వన్నెలతో నేటికిని నిలిచియున్నవి. ఎవరు వ్రాసిరో, ఏనాడు వ్రాసిరో ఆ గోడ చెప్పదు. పండితులు వేలయేండ్ల నడుమ ఊహించుచున్నారు. రాతిమీద వ్రాసినవాడు చీటి కట్టలేడు, వానిని తప్పుపట్టరాదు. మనకు ఆ సాకు లేదు.

ఇటీవలి యేండ్లలో మహారాష్ట్ర దిక్కునుండి నదులు దాటి పులులు అప్పుడప్పుడు ఈ యడవులలోనికి వచ్చుచున్నవి. అటవీశాఖవారు చెట్లకు కట్టు కెమెరాలు మనుష్యుడు లేకుండగనే వాని చిత్రములను తీయును. ఛాంపియన్ కట్టిన తీగ స్థానమున కంటికి కనబడని కిరణ మున్నది. ఆ చిత్రముల మూలన తేదియు, సమయమును యంత్రమే ముద్రించును. కర్జను చంపిన పులికి దక్కిన గౌరవముకంటె ఈ పులికి దక్కినది మిన్న: ఇది చిత్రము తీయించుకొని తన దారిన తాను పోయినది.

కనుక జనగామ, మానుకోట, భూపాలపల్లి సోదరులారా, ఏటివెంట మీరు తీయు ప్రతి చిత్రమునకును తేదిని, ఊరిని, ఏటి పేరును, నీరెంత యున్నదో ఆ మాటను వ్రాసి పెట్టుడు. గూటి చిత్రమైనచో ఆ గూటి చోటును మాత్రము అటవీశాఖవారికి తప్ప ఇతరులకు చెప్పకుడు. అచ్చు వేయించినదానిలో ఒక ప్రతిని మీ ఊరి శాఖా గ్రంథాలయమునకు ఇండు. మేడిగడ్డ కట్టకమునుపటి కాళేశ్వరపు ఇసుక చిత్రములు మీ యిండ్లలో పాత రీళ్లుగ నున్నచో, చెద పట్టకమునుపే ఈ వేసవిలో వానిని బయటికి తీయుడు.